వారం లెక్క: చేతికొచ్చేది ఎంత? కోసింది ఎక్కడికి పోతోంది?

శనివారం సాయంత్రం ఏడు దాటిందంటే గాజువాకలో మా వీధి సందడే వేరు. ఆటోనగర్ షెడ్ల నుంచి వెల్డర్లు, ఫిట్టర్లు, హెల్పర్లు ఇళ్లకు చేరే టైమ్ అది. జేబులో వారం డబ్బులుంటాయి. కోడి గుడ్ల కొట్టు దగ్గర, మొబైల్ రీచార్జి షాపు దగ్గర పాత బాకీలు తీరేది ఆ రాత్రే. మా బాబాయ్ కూడా వెల్డరే. రోజుకు 800. ఆరు రోజులు పనికెళితే 4,800.

మొన్నామధ్య ఒక శనివారం బాబాయ్ డబ్బులతో పాటు ఒక కాగితం కూడా తెచ్చాడు. ఇంకో కాంట్రాక్టర్ దగ్గర పని. నెల జీతం 20 వేలు, పీఎఫ్, ఈఎస్‌ఐ ఉంటాయని రాసి ఉంది. "వారానికి 4,800 అంటే నెలకు 19,200 కదరా. ఇక్కడ 20 వేలు. ఎనిమిది వందలు ఎక్కువే. మారిపోమంటావా?" అని అడిగాడు. చెల్లి ఇంటర్ సెకండియర్. వచ్చే ఏడాది ఫీజులున్నాయి. పిన్ని ఏమీ అనకుండా నా వైపే చూస్తోంది.

తమాషా ఏంటంటే, సరిగ్గా అదే వారం నా మెయిల్‌లో కూడా ఒక ఆఫర్ లెటర్ ఉంది. సీటీసీ 9 లక్షలు. నేను దాన్ని 12తో భాగించి, నెలకు 75 వేలని మురిసిపోయి, మధురవాడ వైపు ఒక ఫ్లాట్ చూసి, 32 వేల ఈఎంఐ కట్టేయొచ్చని లెక్కేసుకున్నాను. ఇంజనీరింగ్ చదివిన నేను, పదో తరగతితో ఆపేసిన బాబాయ్, ఇద్దరం ఒకే రకం తప్పు చేశామని ఆ రాత్రి తేలింది.

నెలకు నాలుగు వారాలు కాదు

మొదటి తప్పు చాలా చిన్నది. నెలంటే నాలుగు వారాలని మనకు చిన్నప్పటి నుంచీ అలవాటు. నాలుగు వారాలంటే 28 రోజులే. ఏడాదికి 52 వారాలు, 12 నెలలు. అంటే నెలకు 4.33 వారాలు. వారం జీతాన్ని నెల జీతంగా మార్చాలంటే నాలుగుతో గుణించకూడదు. 52తో గుణించి 12తో భాగించాలి.

4,800ని 52తో గుణిస్తే 2,49,600. దాన్ని 12తో భాగిస్తే 20,800. బాబాయ్ వేసిన 19,200 కాదు. కాబట్టి కొత్త ఉద్యోగంలో ఎనిమిది వందలు పెరగడం లేదు. ఎనిమిది వందలు తగ్గుతున్నాయి. ఇంకా కోతల లెక్క మొదలుపెట్టనే లేదు.

డాలస్‌లో ఉన్న నా క్లాస్‌మేట్‌కి కూడా మొదట్లో ఇదే గందరగోళం. వాడికి రెండు వారాలకోసారి జీతం. నెలకు రెండు సార్లే కదా అని బడ్జెట్ వేసుకున్నాడు. కానీ అలా ఏడాదికి వచ్చేవి 24 జీతాలు కాదు, 26. అంటే రెండు నెలల్లో మూడేసి జీతాలు పడతాయి. అక్కడ సోషల్ సెక్యూరిటీకి 6.2 శాతం, మెడికేర్‌కి 1.45 శాతం కోత. ఫెడరల్ ఆదాయపు పన్ను వేరే. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు కాబట్టి ఆ ఒక్కటీ తప్పింది. ఊరేదైనా పద్ధతి ఒకటే. ముందు ఏడాది లెక్క, తర్వాత కోతలు, ఆఖర్న 52తో భాగహారం.

20 వేలలో ఎంత మిగులుతుంది?

ఇప్పుడు బాబాయ్ కాగితం చూద్దాం. బేసిక్, డీఏ కలిపి 15 వేలు. మిగతా ఐదు వేలు రకరకాల అలవెన్సులు.

పీఎఫ్: బేసిక్, డీఏ మీద 12 శాతం. 15 వేల మీద 1,800.

ఈఎస్‌ఐ: నెల జీతం 21 వేల లోపు ఉన్నవాళ్లకు వర్తిస్తుంది. ఉద్యోగి వాటా 0.75 శాతం. 20 వేల మీద 150.

వృత్తి పన్ను: ఆంధ్రప్రదేశ్‌లో 15 వేల వరకు లేదు. 15 వేలు దాటి 20 వేల వరకు నెలకు 150. ఆ పైన ఎంతున్నా 200.

మొత్తం కోత 2,100. చేతికొచ్చేది 17,900. వారం లెక్కకు మారిస్తే 4,131. ఇప్పుడొస్తున్న 4,800తో పోలిస్తే వారానికి 669 తక్కువ.

"ఇంకేటి, అయిపోయింది కదా. ఇక్కడే ఉంటా" అని బాబాయ్ లేవబోయాడు. అప్పుడు పిన్ని గోడకున్న క్యాలెండర్ తీసి నా ముందు పెట్టింది.

పిన్ని క్యాలెండర్ చెప్పిన నిజం

బాబాయ్ పనికెళ్లిన ప్రతి రోజూ పిన్ని క్యాలెండర్ మీద పెన్సిల్‌తో గీత పెడుతుంది. పాల లెక్క, గ్యాస్ బండ తేదీ కూడా అందులోనే. పాత క్యాలెండర్ కూడా పారేయలేదు. కూర్చుని పోయిన ఏడాది గీతలన్నీ లెక్కపెట్టాం. వారానికి ఆరు రోజుల చొప్పున 312 ఉండాలి. 270 ఉన్నాయి.

మిగతా 42 రోజులు ఏమయ్యాయి? సంక్రాంతికి ఊరెళ్లాం. తుపాను వానలకు షెడ్డు మూసేశారు. మోకాలు నొప్పితో బాబాయ్ వారం రోజులు మంచం దిగలేదు. ఇంకొన్ని రోజులు ఆర్డర్లు లేక రావద్దన్నారు. ఆ రోజుల్లో ఏ ఒక్కదానికీ డబ్బు లేదు.

270ని 800తో గుణిస్తే 2,16,000. నెలకు సరిగ్గా 18 వేలు. వారానికి 4,154. "మా ఆయన వారానికి 4,800 తెస్తాడు" అనేది మంచి వారాల మాట. ఏడాది మొత్తం మీద నిజం 4,154. కొత్త ఉద్యోగంలో వచ్చేది 4,131. తేడా 23 రూపాయలు.

నెల జీతంలో మాత్రం సెలవు పెడితే కోయరా అని మీకు అనుమానం రావచ్చు. కోస్తారు. ఆర్డర్లు లేని రోజులకు, పండగ సెలవులకు, హక్కుగా వచ్చే సెలవులకు కోత ఉండదు. అవి దాటితే ఉంటుంది. ఏడాదికి పది రోజులు అలా పోయాయనుకుందాం. రోజుకు దాదాపు 769 చొప్పున 7,690. వారానికి 148 తగ్గుతుంది. చేతికొచ్చేది 3,983 దగ్గర ఆగుతుంది. అంటే ఇప్పటికన్నా వారానికి 170 దాకా తక్కువే. ఈ మాట బాబాయ్‌కి దాచకుండా చెప్పాను.

కోసిన డబ్బు కూడా మనదే

చేతికొచ్చింది మాత్రమే జీతమనుకుంటే ఇక్కడితో ఆపేయాలి. కానీ కోతలన్నీ ఒకే జాతివి కావు. వృత్తి పన్ను ప్రభుత్వానికి పోతుంది, తిరిగి రాదు. పీఎఫ్ అలా కాదు. అది బాబాయ్ పేరు మీద ఉండే డబ్బు.

బాబాయ్ నుంచి 1,800 కోస్తే, యజమాని కూడా 1,800 వేయాలి. ఆ రెండో 1,800లో 1,250 పెన్షన్ పథకానికి, 550 పీఎఫ్ ఖాతాకు వెళతాయి. అంటే నెలనెలా ఖాతాలో పడేది 2,350. ఏడాదికి 28,200. వారానికి చూస్తే 542. దీని మీద వడ్డీ కూడా ఉంది. 2024-25కి అది 8.25 శాతం. చేతికి 170 తగ్గి, ఖాతాలో 540 దాకా పెరుగుతోందన్నమాట.

పెన్షన్ సంగతి ఇంకోటి. ఆ పథకంలో పదేళ్ల సర్వీసు ఉంటేనే 58 ఏళ్లకు నెలవారీ పెన్షన్‌కు అర్హత వస్తుంది. బాబాయ్‌కి 46. ఇప్పుడు మొదలుపెడితే పదేళ్లు నిండుతాయి. ఇంకో మూడేళ్లు ఆగితే కొత్త సర్వీసు ఒక్కదానితో నిండవు. ఇలాంటి డెడ్‌లైన్ ఒకటి నడుస్తోందని మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఈఎస్‌ఐకి బాబాయ్ కట్టేది 150 అయితే, యజమాని కట్టేది 3.25 శాతం, అంటే 650. దాంతో ఇంటిల్లిపాదికీ వైద్యం ఉంటుంది. మల్కాపురంలో ఈఎస్‌ఐ ఆస్పత్రి ఉంది. ఇంకా ముఖ్యమైనది, నిర్ణీత రోజుల చందా పూర్తయ్యాక జబ్బు చేసి పనికెళ్లలేకపోతే, డాక్టర్ సర్టిఫికెట్ మీద ఏడాదికి 91 రోజుల వరకు జీతంలో 70 శాతం ఇస్తారు. బాబాయ్ మోకాలు నొప్పితో పడుకున్న వారం గుర్తుందా? క్యాలెండర్‌లో ఆ వారం గళ్లన్నీ ఖాళీ. ఆ వారం ఇంట్లోకి వచ్చింది సున్నా.

కోశారు సరే, కట్టారా?

ఇక్కడ బాబాయ్ ఒక మాటన్నాడు. "పీఎఫ్ అని నాకు ముందూ కోసేవోళ్లు. 2022లో. ఆ డబ్బులేటయ్యాయో దేవుడికెరుక."

అప్పటి కాంట్రాక్టర్ 14 నెలల పాటు కోశాడట. యూఏఎన్ నంబరు ఒక పాత ఐడీ కార్డు మీద దొరికింది. ఆధార్‌కి లింకైన ఫోన్‌తో ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ తెరిచాం. 9 నెలల ఎంట్రీలే ఉన్నాయి. ఐదు నెలలు ఖాళీ. బాబాయ్ కోపం తెచ్చుకోలేదు. ఫోన్ తిప్పి తిప్పి చూశాడు. "అయితే తొమ్మిది నెలల డబ్బులున్నాయా నాకు?" అన్నాడు. ఆ మాటకు నాకే ఏదోలా అనిపించింది. పోయిందని వదిలేసుకున్న డబ్బులో కొంత మూడేళ్లుగా ఆయన పేరు మీదే ఉంది. అడగడానికి ఫోన్ చాలు. ఆ ఫోన్ నా చేతిలోనే ఉంది, నేనే ఎప్పుడూ అడగలేదు.

ఏ నెల పీఎఫ్ అయినా తర్వాతి నెల 15లోగా జమ చేయాలి. కాంట్రాక్టర్ కట్టకపోతే, ఆ కాంట్రాక్టర్‌తో పని చేయించుకున్న అసలు కంపెనీకి కూడా బాధ్యత ఉంటుంది. ఫిర్యాదుకు ఈపీఎఫ్‌ఓకి ఆన్‌లైన్ గ్రీవెన్స్ పోర్టల్ ఉంది. పాత పే స్లిప్పుల ఫొటోలు జతచేసి ఆ ఐదు నెలల గురించి రాశాం. అది ఇంకా నడుస్తోంది. పిన్ని ఆ స్లిప్పులు రేషన్ కార్డు కవర్లో దాచబట్టి సరిపోయింది, లేకపోతే రుజువు కోసం తిప్పలే.

ఇక నా 9 లక్షల కథ

బాబాయ్ లెక్క తేలాక నా ఆఫర్ లెటర్ తెరిచాను. సీటీసీ అంటే నాకిచ్చే జీతం కాదు, నా మీద కంపెనీ పెట్టే ఖర్చు. అందులోంచి ఒక్కొక్కటీ తీసేస్తూ వచ్చాను.

బేసిక్ ఏడాదికి 4,50,000. కంపెనీ వాటా పీఎఫ్ 54,000. గ్రాట్యుటీ పేరుతో బేసిక్‌లో 4.81 శాతం, అంటే 21,645. దాని కోసం మామూలుగా ఐదేళ్లు అక్కడే ఉండాలి. గ్రూప్ ఇన్సూరెన్స్ 14,355. వేరియబుల్ పే 90,000. అది నా పనితీరు, కంపెనీ పనితీరు రెండూ బాగుంటే, ఏడాది చివర్లో. ఇవన్నీ పోగా మిగిలింది 7,20,000. నెలకు 60 వేలు.

అందులోంచి నా వాటా పీఎఫ్ 4,500, వృత్తి పన్ను 200. ఆదాయపు పన్ను లేదు. 2025-26కి కొత్త విధానంలో జీతగాళ్లకు 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ పోగా పన్ను లెక్కకొచ్చే ఆదాయం 12 లక్షల లోపుంటే రిబేట్‌తో పన్ను సున్నా అవుతుంది. అంటే 12,75,000 జీతం వరకు భయం లేదు. దాటితే ఒక్కసారిగా మీద పడుతుందా? పడదు. 13 లక్షల జీతమైతే పన్ను లెక్కకొచ్చేది 12,25,000. శ్లాబుల ప్రకారం 63,750 పడాలి. కానీ 12 లక్షలు దాటిన 25 వేలకు మించి పన్ను వేయకుండా మార్జినల్ రిలీఫ్ ఉంది. 4 శాతం సెస్‌తో కలిపి 26 వేలు.

ఒక్క జాగ్రత్త. ఏడాది మధ్యలో ఉద్యోగం మారితే పాత కంపెనీలో వచ్చిన జీతం వివరాలు కొత్త కంపెనీకి ఇవ్వండి. లేదంటే ఇద్దరూ ఎవరి లెక్క వాళ్లే వేసి, పన్ను లేదనుకుని తక్కువ కోస్తారు. రిటర్న్ వేసేటప్పుడు మొత్తం మీరే కట్టాలి.

చివరికి నా చేతికొచ్చేది నెలకు 55,300. నేను కలగన్నది 75 వేలు. వారానికి 12,762. ఈఎంఐ 32 వేలంటే వారానికి 7,385. మిగిలేది 5,377. అందులోనే గాజువాక నుంచి రుషికొండకు పెట్రోలు, ఇంటికి ఇచ్చేది, చెల్లి ఫీజుకు నేను ఒప్పుకున్న వాటా. నెల లెక్కలో హుషారుగా కనిపించిన ఫ్లాట్ వారం లెక్కలో ఊపిరాడనివ్వలేదు. ఆ ఫ్లాట్ వదిలేశాను. ఉద్యోగం వదల్లేదు. వేరియబుల్‌లో సగమైనా ఫిక్స్‌డ్‌లోకి మార్చమని హెచ్‌ఆర్‌ని అడిగాను. వాళ్లు 30 వేలు మార్చారు. అడగకపోతే అదీ లేదు.

చట్టంలో తెలుసుకోవాల్సినవి

2025 నవంబరు 21 నుంచి వేతనాల కోడ్ అమల్లోకి వచ్చింది. అందులో మనకు రోజూ పనికొచ్చేవి కొన్ని ఉన్నాయి. వారం జీతమైతే వారాంతపు సెలవుకు ముందు, ఆఖరి పనిదినాన ఇచ్చేయాలి. నెల జీతమైతే తర్వాతి నెల ఏడో తేదీలోగా పడాలి. ఉద్యోగం మానేసినా, తీసేసినా రావాల్సిన వేతనం రెండు పనిదినాల్లో ఇవ్వాలి. కోతలన్నీ కలిపి వేతనంలో సగం దాటకూడదు.

ఇంకో ముఖ్యమైన మార్పు, అలవెన్సులు మొత్తం చెల్లింపులో సగం దాటితే, దాటినదాన్ని కూడా వేతనంగానే లెక్కించాలి. బేసిక్ బాగా తగ్గించి, మిగతాదంతా అలవెన్సులుగా చూపించే అలవాటుకు ఇది కళ్లెం. బేసిక్ మరీ తక్కువగా ఉన్నవాళ్లకు పీఎఫ్ కోత పెరిగి చేతికొచ్చేది కాస్త తగ్గొచ్చు. తగ్గిందని కంగారుపడే ముందు ఆ డబ్బు ఏ ఖాతాకు వెళుతోందో చూసుకోండి.

మీ ఫోన్‌లో మీరే వేసుకోండి

ఆఫర్ లెటర్ అయినా, కాంట్రాక్టర్ నోటిమాట అయినా ఈ వరసలో వెళ్లండి.

1. ఏడాది మొత్తం రాయండి. రోజు కూలీ అయితే నిజంగా పనిచేసిన రోజులతోనే గుణించండి.

2. కంపెనీ వాటా పీఎఫ్, గ్రాట్యుటీ, ఇన్సూరెన్స్, వేరియబుల్ తీసేయండి.

3. మీ వాటా పీఎఫ్, ఈఎస్‌ఐ, వృత్తి పన్ను, ఆదాయపు పన్ను తీసేయండి.

4. మిగిలినదాన్ని 52తో భాగించండి. అదే మీ వారం.

5. పక్కన ఇంకో గడి గీసి, కోసినదాంట్లో మీ పేరు మీద జమయ్యేది ఎంతో రాయండి. నెలకోసారి, 15వ తేదీ దాటాక, పాస్‌బుక్‌లో పడిందో లేదో చూడండి. యాప్ కుదరకపోతే, యూఏఎన్‌కి లింకైన నంబరు నుంచి 9966044425కి మిస్డ్ కాల్ ఇచ్చినా వివరాలు మెసేజ్‌లో వస్తాయి.

బాబాయ్ కొత్త కాంట్రాక్టర్ దగ్గరికి వెళ్లి ఒకే ప్రశ్న అడిగాడు. "20 వేలంటే మీ వాటా పీఎఫ్, ఈఎస్‌ఐ కూడా అందులోంచేనా, దానికి పైనా?" అందులోంచే అయితే అసలు జీతం దాదాపు 17,550కి జారిపోతుంది. యజమాని వాటాను కార్మికుడి వేతనం నుంచి కోయడం చట్టప్రకారం కుదరదు. అవతలి మనిషి ఒక నిమిషం ఆగి, "పైనే" అన్నాడట. "ఈ మాట కాగితం మీద రాసియ్యండి బాబూ" అన్నాడట బాబాయ్. రాసిచ్చారు. చేరాడు.

మొదటి జీతం పడ్డ మరుసటి నెల 16వ తేదీ. రాత్రి పదిన్నరకు ఫోన్ మోగింది. "ఒరే, పడిందిరా పాస్‌బుక్‌లో. 2,350. పక్క గడిలో పెన్షన్‌ది 1,250 కూడా ఉంది." యాప్ ఆయనే తెరిచాడట, చెల్లి ఓటీపీ చదివి చెప్పిందట. వెనక నుంచి పిన్ని గొంతు వినిపించింది. క్యాలెండర్‌లో ఆ తేదీ కింద కూడా ఒక గీత పెడుతోందట.